5 వాట్లు, 6 మీటర్లు: జలదంకి డాబా మీద నుంచి హ్యామ్ రేడియో

ఈరోజు ఎపిసోడ్ రూమ్‌లో కూర్చుని చేయట్లేదు. మా ఊరు జలదంకిలో, మా ఇంటి డాబా మీద నుంచి మాట్లాడుతున్నా. వెనకాల ఒక పీవీసీ పైపు, దాని మీద అటొకటి ఇటొకటి కట్టిన తీగలు కనిపిస్తున్నాయి కదా? మా వీధిలో వాళ్ళు దాన్ని బట్టలారేసే దండెం అనుకున్నారు. మా నాయన అయితే మొదటి రోజే అడిగేశాడు: "ఏందిరా అబ్బయ్యా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చి చేసేది ఇదా?"

అది యాంటెన్నా. దాని కింద ఉన్న రేడియో పంపే పవర్ 5 వాట్లు. అంటే మీ బెడ్‌రూమ్‌లో రాత్రి వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బు తినే కరెంటు అంత. దాంతో ఎంత దూరం వెళ్ళానో చివర్లో చెప్తా. చాలా రోజులు ఎక్కడికీ వెళ్ళలేదు, అది కూడా దాచకుండా చెప్తా.

ముందు నేను ఇందులోకి ఎందుకొచ్చానో చెప్పాలి. నవంబర్ 2021 గుర్తుందా? పెన్నాకి వరద. కోవూరు వైపు హైవే తెగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. నేను అప్పుడు హైదరాబాద్‌లో ఉన్నా. ఊళ్ళో అవ్వ, నాయన, అమ్మ. రెండు రోజులు ఒక్క ఫోన్ కూడా కలవలేదు. చేతిలో మంచి ఫోన్, ఇంట్లో ఫైబర్ నెట్ అన్నీ ఉన్నాయి. అటువైపు కరెంటు లేక, టవర్ లేక, ఇవన్నీ దేనికీ పనికిరాలేదు. మూడో రోజు నాయన ఫోన్ చేసి "మేం బాగానే ఉండాం, నువ్వు తిన్నావా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చేతులు వణికాయి నాకు.

ఆ వారమే ఆన్‌లైన్‌లో రెండు వాకీటాకీలు ఆర్డర్ చేశా. ఒకటి ఊళ్ళో పెట్టి, ఒకటి నా దగ్గర పెట్టుకుందామని ప్లాన్. నేను బీటెక్ ఈసీఈ అండీ. యాంటెన్నాస్ సబ్జెక్ట్ పాసయ్యా. కానీ నాలుగేళ్ళలో ఒక్క యాంటెన్నా కట్టిన పాపాన పోలేదు. నెల్లూరులో ఒక పెద్దాయన, పాతకాలం హ్యామ్, ఆయన దగ్గరికెళ్ళి ఈ ప్లాన్ చెప్పా. ఆయన నవ్వాడు. "నువ్వు రెండు తప్పులు చేస్తండావు అబ్బాయ్. ఒకటి చట్టం, రెండోది ఫిజిక్స్. చట్టం పట్టుకునే లోపే ఫిజిక్స్ ఆపుద్ది నిన్ను" అన్నాడు.

ఫిజిక్స్ ఏంటంటే, చేతిలో పట్టుకునే వాకీటాకీ సిగ్నల్ దాదాపు కంటిచూపు లాగా నేరుగా పోతుంది. నేల మీద నుంచి నేల మీదకి కొన్ని కిలోమీటర్లు, అంతే. జలదంకి నుంచి హైదరాబాద్‌కి కుదరని పని. చట్టం ఏంటంటే, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచీ మన దేశంలో లైసెన్స్ లేకుండా ఇలాంటి సెట్ దగ్గర పెట్టుకోవడమే నేరం. రెండు వాకీటాకీలూ తిరిగి పంపేశా. వచ్చేటప్పుడు ఆ పెద్దాయన ఒక మాటన్నాడు: "ముందు వినడం నేర్చుకో. మాట్లాడటం తర్వాత." ఈ ఎపిసోడ్ మొత్తం ఆ మాట మీదే నడుస్తుంది.

సరే, అసలు విషయంలోకి వద్దాం. 6 మీటర్ల బ్యాండ్ అంటే ఏంటి? రేడియో అలల్లో ఒక అల పొడవు సుమారు 6 మీటర్లు ఉండే చోటు. ఫ్రీక్వెన్సీలో చెప్పాలంటే 50 నుంచి 54 మెగాహెర్ట్జ్. మీ ఎఫ్‌ఎం రేడియో 88 నుంచి 108. దానికి కొంచెం కింద అన్నమాట. దీనికన్నా బాగా కిందున్న షార్ట్‌వేవ్ బ్యాండ్లు ఆకాశంలో పైపొరల మీద పడి తిరిగొస్తాయి, దేశాలు దాటిపోతాయి. పైనున్న బ్యాండ్లు నేరుగా పోతాయి, ఆగిపోతాయి. 6 మీటర్లు ఈ రెంటికీ సరిహద్దు. చాలా రోజులు ఊరు దాటదు. ఉన్నట్టుండి ఒకరోజు ఆకాశం తెరుచుకుని సముద్రాలు దాటిపోతుంది. అందుకే ప్రపంచమంతా హ్యామ్‌లు దీన్ని మ్యాజిక్ బ్యాండ్ అంటారు.

మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు, తెలుసా? తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకి అనే ఊరుంది. అక్కడ అంతరిక్ష శాఖ కింద నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లేబొరేటరీ ఉంది. వాళ్ళ ఎంఎస్‌టీ రాడార్ పనిచేసే ఫ్రీక్వెన్సీ 53 మెగాహెర్ట్జ్. సరిగ్గా ఈ 6 మీటర్ల పరిధిలోనే. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో 1,024 యాగీ యాంటెన్నాలు వరసగా నిలబెట్టారు. మొదట కట్టినప్పుడు దాని పీక్ పవర్ 2.5 మెగావాట్లు. నా 5 వాట్లకి 5 లక్షల రెట్లు! దాంతో గాలి కదలికల్ని, పైన అయనోస్ఫియర్‌లో పుట్టే అలజడుల్ని చూస్తారు. వాళ్ళు చూసేదీ, నేను ఈ దండెం లాంటి తీగతో వెతికేదీ ఒకే ఆకాశం. ఈ విషయం తెలిసిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంకో విషయం, మన దక్షిణాది ఆకాశం ప్రత్యేకం. భూ అయస్కాంత మధ్యరేఖ తమిళనాడు, కేరళ దక్షిణపు కొస మీదుగా పోతుంది. పగలంతా ఎండకి పుట్టిన ఎలక్ట్రాన్లు ఆ రేఖ మీద పైకి లేచి, ఫౌంటెన్ నీళ్ళలా అటూ ఇటూ పడతాయి. అలా ఉత్తరాన ఒక దట్టమైన పట్టీ, దక్షిణాన ఒక పట్టీ ఏర్పడతాయి. సాయంత్రం వేళ 50 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఈ రెండు పట్టీల్నీ ఆసరా చేసుకుని భూమధ్యరేఖ దాటి అవతలికి దూకుతుంది. మార్చి, ఏప్రిల్, మళ్ళీ సెప్టెంబర్, అక్టోబర్ దీనికి మంచి నెలలు.

ఇప్పుడు లైసెన్స్ సంగతి. బోర్ అనుకుని స్కిప్ చేయకండి. 12 ఏళ్ళు నిండిన భారతీయులు ఎవరైనా అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ పరీక్ష రాయొచ్చు. ఇది టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం చూస్తుంది, అప్లికేషన్ సరళ్ సంచార్ పోర్టల్‌లో. రెండు గ్రేడ్లు. రిస్ట్రిక్టెడ్‌కి మోర్స్ కోడ్ అక్కర్లేదు, కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది. జనరల్‌కి మోర్స్ నిమిషానికి 8 పదాల వేగంతో రావాలి, కాల్‌సైన్ వీయూ2తో మొదలవుతుంది. రెంటికీ బేసిక్ ఎలక్ట్రానిక్స్, రూల్స్ చదవాలి. ఇంటర్ ఫిజిక్స్ గుర్తున్నవాళ్ళకి సగం సిలబస్ అయిపోయినట్టే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళ 6 మీటర్ల వీడియో చూసి అలాగే మొదలుపెట్టకండి. అంతర్జాతీయ పట్టికలో ఆసియా పసిఫిక్ ప్రాంతానికి 50 నుంచి 54 మెగాహెర్ట్జ్ హ్యామ్‌లకి ఉంది. కానీ అదే పట్టిక కింద ఫుట్‌నోట్‌లో ఇండియాతో పాటు కొన్ని దేశాల పేర్లున్నాయి. ఆ దేశాల్లో ఈ భాగం ఫిక్స్‌డ్, మొబైల్, బ్రాడ్‌కాస్టింగ్ సేవలది అని రాసి ఉంటుంది. అందుకే లైసెన్స్ వచ్చాక మీ షెడ్యూల్‌లో ఏ బ్యాండ్, ఎంత పవర్ రాసి ఉందో చూసుకోండి. 50 మెగాహెర్ట్జ్ ఉంటేనే పీటీటీ నొక్కండి. అనుమానం ఉంటే డబ్ల్యూపీసీకి రాసి అడగండి. అప్పటిదాకా వినండి చాలు. ఆ మాటకొస్తే నేను విన్న నెలలే నాకు ఎక్కువ నేర్పాయి.

వినడానికి ఏం కావాలి? మీ దగ్గర ఉన్న ఫోనే. దానికి ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, ఓటీజీ కేబుల్. పెన్‌డ్రైవ్ సైజులో ఉంటుంది. సుమారు 24 మెగాహెర్ట్జ్ నుంచి 1,700 దాకా వింటుంది. ప్లేస్టోర్‌లో దానికి యాప్స్ ఉన్నాయి. స్క్రీన్ మీద సిగ్నల్స్ జలపాతంలా కిందికి జారుతూ కనిపిస్తాయి, దాన్ని వాటర్‌ఫాల్ అనే అంటారు. ముందు ఎఫ్‌ఎం స్టేషన్లు పట్టి డాంగిల్ పనిచేస్తోందని చూసుకోండి. తర్వాత 50 మెగాహెర్ట్జ్‌కి రండి.

అక్కడికొచ్చాక నాకు ఏం వినపడిందో తెలుసా? బుస్స్‌మని రొద. వారాలపాటు అదే. డాంగిల్ పాడైందనుకున్నా, యాప్ మార్చా, వైరు మార్చా. ఒకరోజు సాయంత్రం కరెంటు పోయింది. ఫోన్ బ్యాటరీ మీద నడుస్తోంది కదా, వాటర్‌ఫాల్ చూస్తుండగానే స్క్రీన్ సగం నల్లగా, శుభ్రంగా అయిపోయింది. రొద పోయింది! అంటే సమస్య డాంగిల్ కాదు, మా ఇల్లే. కరెంటు వచ్చాక ఒక్కో స్విచ్ ఆపుకుంటూ వెతికా. మెట్ల దగ్గర ఎల్‌ఈడీ బల్బు ఒకటి, నా సొంత ఫోన్ చార్జర్ ఒకటి దొంగలు. అవి మార్చాక సగం గోల తగ్గింది. పొలాల్లో బోరు మోటార్లు, కరెంటు స్తంభాల మీద పాత ఇన్సులేటర్లు ఇంకా చేస్తూనే ఉంటాయి. అయినా సిటీ అపార్ట్‌మెంట్‌తో పోలిస్తే మన పల్లెటూరి ఆకాశం చాలా నిశ్శబ్దం. సిటీలో ఉన్న హ్యామ్ లక్షలు పోసినా కొనలేనిది ఇది. పల్లెలో ఉన్నామని చిన్నబుచ్చుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ ఒక్క ఆటలో పిచ్ మనదే.

ఇప్పుడు యాంటెన్నా. ఒక చిన్న లెక్క రాసుకోండి: 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 143 బై 50.3 అంటే 2 మీటర్ల 84 సెంటీమీటర్లు. దాన్ని సగం చేస్తే ఒక్కో వైపు 1 మీటరు 42. అంతే, డైపోల్ రెడీ. మొదట 1.45 కోసి, కొంచెం కొంచెం కత్తిరించుకుంటూ సరిచేసుకోండి. మామూలు ఎలక్ట్రికల్ వైరు చాలు. మధ్యలో కోయాక్స్ కేబుల్ మధ్య తీగ ఒక వైపుకి, పైన అల్లిక ఇంకో వైపుకి. కలిపిన చోటు కిందే కేబుల్‌ని జానెడు కన్నా కొంచెం చిన్న చుట్టలుగా ఐదారు చుట్లు చుట్టి టేప్ వేయండి. లేకపోతే కేబుల్ కూడా యాంటెన్నాలా ప్రవర్తించి ఇంట్లో రొదంతా లోపలికి లాగుతుంది.

దిక్కు ముఖ్యం. డైపోల్ తన కొసల వైపు కాదు, పక్కల వైపు బాగా పంపుతుంది. నేను ఈశాన్యం నుంచి నైరుతికి కట్టా. అప్పుడు సిగ్నల్ ఆగ్నేయానికీ వాయవ్యానికీ పోతుంది. ఆగ్నేయాన సముద్రం, దాని అవతల ఆస్ట్రేలియా. నేను కంపాస్ యాప్ పట్టుకుని డాబా అంతా తిరుగుతుంటే మా అవ్వ "వాస్తు చూస్తండాడు పిల్లోడు" అని పక్కింటి వాళ్ళకి చెప్పింది.

తక్కువ పవర్‌లో అందరూ మర్చిపోయేది కేబుల్. నాది మొదట 20 మీటర్ల ఆర్‌జీ-58. సన్నగా, చవగ్గా ఉంటుంది. 50 మెగాహెర్ట్జ్ దగ్గర అంత పొడవులో సుమారు 2 డెసిబెల్స్ పోతాయి. అంటే రేడియో 5 వాట్లిస్తే యాంటెన్నాకి చేరేది 3. రెండు వాట్లు కేబుల్ వేడెక్కడానికే సరి! పెద్ద రేడియో కొనక్కర్లేదు. రేడియోని కింద గదిలోంచి డాబా మీదకి తెచ్చి, కేబుల్ 8 మీటర్లకి తగ్గించా. 4 వాట్లకి పైనే చేరింది. ఖర్చు సున్నా.

జాగ్రత్త కూడా చెప్పాలి. కరెంటు తీగలు పోయే వైపు పైపు లేపొద్దు. పైపు పడినా తీగల మీద పడనంత దూరం ఉండాలి. ఉరుము వినపడితే కేబుల్ ఊడదీసి బయట పడేయండి, డాబా దిగిపోండి. ఇందులో హీరోయిజం లేదు.

రేడియో సంగతి. యాయెసు ఎఫ్‌టీ-817 లాంటి 5 వాట్ల సెట్‌లో 6 మీటర్లు కూడా ఉంటాయి. ఐకామ్ ఐసీ-705 అయితే బ్యాటరీ మీద 5, బయటి సప్లై మీద 10 వాట్లు. కొత్తవి ఖరీదు ఎక్కువే. లైసెన్స్ చేతికొచ్చేదాకా కొనొద్దు, వచ్చాక సీనియర్ హ్యామ్‌ల దగ్గర సెకండ్ హ్యాండ్ అడగండి. నాది అలా దొరికిందే.

ఇంత తక్కువ పవర్‌తో మాటల కన్నా ఎఫ్‌టీ8 మేలు. ఇది ఒక డిజిటల్ పద్ధతి. 2017లో వచ్చింది. చేసింది జో టేలర్, స్టీవ్ ఫ్రాంక్. జో టేలర్ అంటే 1993లో ఫిజిక్స్ నోబెల్ తీసుకున్న శాస్త్రవేత్త. సాఫ్ట్‌వేర్ ఫ్రీ. 15 సెకన్లకి ఒకరు పంపుతారు, తర్వాత 15 సెకన్లు వింటారు. చెవికి రొద తప్ప ఏమీ వినపడని చోట కూడా సాఫ్ట్‌వేర్ కాల్‌సైన్ బయటికి లాగుతుంది. 6 మీటర్లలో అందరూ కలిసే చోటు 50.313. మీ ల్యాప్‌టాప్ టైమ్ ఒక సెకను కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు, ఫోన్ హాట్‌స్పాట్‌తో సింక్ చేసుకోండి. నా మొదటి నెల సగం ఈ గడియారం తప్పు వల్లే పోయింది.

ఇందులో మీ ఊరిని నాలుగక్షరాల కోడ్‌తో చెప్తారు, గ్రిడ్ స్క్వేర్ అంటారు. జలదంకిది ఎంకే94. 80 డిగ్రీల రేఖాంశం కావలి పక్క నుంచి పోతుంది, అది దాటి సముద్రం వైపు వెళ్తే ఎన్‌కే04. మన జలదంకికి ప్రపంచ రేడియో మ్యాప్‌లో ఒక గడి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక ఆ రోజు. మార్చి 2024. సూర్యుడు పదకొండేళ్ళ చక్రంలో పైమెట్టు మీదున్నాడు. లైసెన్స్ వచ్చి, షెడ్యూల్ చూసుకుని, రేడియో పెట్టి 11 శనివారాలు అయింది. పిలుపులు వందల్లో పంపా. జవాబు సున్నా. ఆ సాయంత్రం ఆరు దాటింది. వాటర్‌ఫాల్ మీద సన్నటి గీత ఒకటి. సాఫ్ట్‌వేర్ చదివింది: వీకే6. అంటే పశ్చిమ ఆస్ట్రేలియా. గుండె దడ. పిలిచా. 15 సెకన్లు. ఏం లేదు. మళ్ళీ పిలిచా. మూడోసారికి స్క్రీన్ మీద నా కాల్‌సైన్, పక్కన మైనస్ 16. ఆరు వేల కిలోమీటర్లకి పైన ఉన్న ఎవరో మనిషికి, ఒక చిన్న బల్బంత వెలుతురు ఈ డాబా మీద నుంచి కనిపించింది. రెండు నిమిషాల్లో అయిపోయింది. పది నిమిషాలకి బ్యాండ్ మూసుకుంది. కిందికెళ్ళి నాయనకి చెప్తే, "ఏం మాట్లాడినాడు?" అన్నాడు. "నేను వినపడుతున్నానని చెప్పాడు నాయనా" అన్నా. ఆయన కాసేపు ఊరుకుని, "అంతేగా కావాల్సింది" అన్నాడు.

మరి వరద వచ్చినప్పుడు ఇది పనికొస్తుందా? నిజం చెప్పాలి. 5 వాట్ల 6 మీటర్లని నమ్ముకోకండి. ఆకాశం తెరుచుకుంటేనే అది పోతుంది, వరద ఆకాశాన్ని అడిగి రాదు కదా. అత్యవసరానికి కింది బ్యాండ్లు, దగ్గరికి 2 మీటర్ల బ్యాండ్ ఉన్నాయి. కానీ డిసెంబర్ 2004 గుర్తు చేసుకోండి. భారతి ప్రసాద్ గారి నాయకత్వంలో హ్యామ్‌ల బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్ళ ప్రయత్నం అది. వాళ్ళు వెళ్ళింది అండమాన్ నుంచి ప్రపంచంతో రేడియోలో మాట్లాడే సరదా కోసం. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. సరదా కోసం కట్టిన ఆ యాంటెన్నాలే ద్వీపాల్లో ఉన్నవాళ్ళ క్షేమ సమాచారాన్ని ఇళ్ళకి చేర్చాయి. ఆ రోజు కొత్తగా నేర్చుకునే టైమ్ ఎవరికీ లేదు. చేతులకి ముందే అలవాటైన పని చేశారంతే.

నేను 6 మీటర్లలో నేర్చుకుంటున్నది కూడా అదే. పది నిమిషాల్లో తీగ కట్టడం, బ్యాటరీ మీద నడపడం, రొద ఎక్కడిదో పట్టుకోవడం, ఉన్న కొద్ది పవర్ వృథా చేయకపోవడం, ఓపిగ్గా వినడం. ఇవి ఏ బ్యాండ్‌లో అయినా పనికొస్తాయి.

ఒక మాట. సూర్యుడు ఇప్పుడు మెల్లగా మెట్లు దిగుతాడు. నా మార్చి సాయంత్రం లాంటివి తగ్గుతూ వస్తాయి. కాబట్టి ఎదురుచూడకుండా మొదలుపెట్టండి. ఈ నెల: డాంగిల్ కొని ఫోన్‌కి పెట్టండి, ఇంట్లో రొద దొంగల్ని పట్టుకోండి. వచ్చే నెల: 1.42 చొప్పున రెండు తీగలు కట్టండి. ఆ పక్కనే పరీక్షకి చదవడం మొదలుపెట్టండి. లైసెన్స్ వచ్చేసరికి మీ చెవులు రెడీగా ఉంటాయి.

మా నాయన ఇప్పుడు ఉద్యోగం గురించి అడగడం మానలేదు, అది వేరే సంగతి. కానీ రాత్రిపూట ఊళ్ళో కరెంటు పోయిందనుకోండి, కింద నుంచి ఆయనే కేకేస్తాడు: "ఒరే అబ్బయ్యా, కరెంటు పోయిందిరా, ఇప్పుడు బాగా వినపడుద్ది, పైకి పో!"

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు. హ్యామ్‌ల భాషలో చెప్పాలంటే, 73.